రాజ్యాధికారము ఎవరిది? కల్యాణ చరిత్ర వెలుగులో ఒక పరిశీలనము

రాజ్యము అనగానే సింహాసనము, ఛత్రచామరములు, చతురంగబలములు తలపునకు వచ్చుట సహజము. కావ్యములును ప్రశస్తి శాసనములును రాజ్యమును అట్లే వర్ణించినవి. అయితే క్రీ.శ. 12వ శతాబ్దమున కల్యాణ రాజ్యమునందు గానుగ ఆడించుకొని బ్రతుకు కుటుంబమునకు రాజ్యము వేరొక రూపమున కనబడెడిది. ఆ ఇంటి యజమాని చక్రవర్తిని ఎన్నడును చూచియుండడు. గానుగకు 'గాణదెరె', ఇంటికి 'మనెదెరె', పొలమునకు 'సిద్ధాయము', సంతకు తీసికొనిపోవు సరకునకు సుంకము. వీనిని వసూలు చేయవచ్చు అధికారిని అతడెరుగును. ఆ మొత్తమును లెక్కకెక్కించు కరణము నెరుగును. చెల్లింపనివానిని రచ్చకు పిలిపించు గావుండు నెరుగును. అతనికి రాజ్యమనగా ఈ మువ్వురే. ఈ మువ్వురిలో ఎవ్వరును కిరీటము ధరించినవారు కారు.

రాజ్యాధికారమను మాటకు అర్థమును విచారింప గోరువారు ఆ గానుగ యొద్దనుండి మొదలిడుట మేలు. సింహాసనము నుండి మొదలిడినచో రాజుల వంశావళి మాత్రమే చేతికి దొరకును.

కౌటిల్యుడు అర్థశాస్త్రమున రాజ్యమునకు ఏడంగములు చెప్పెను. స్వామి, అమాత్యుడు, జనపదము, దుర్గము, కోశము, దండము, మిత్రుడు అని వాని క్రమము. రాజు వానిలో ఒకటి మాత్రమే. తక్కిన ఆరింటిలో రెండు ఈ విషయమునకు ముఖ్యములు. ప్రజల కష్టములో మిగులు భాగమును ఒకచోటికి చేర్చునది కోశము. చేర్చనివానిని లొంగదీయునది దండము. ఈ రెంటికిని తోడుగ మూడవది యొకటి కలదు. అది ఆ పట్టికలో ప్రత్యేకముగ పేరు పొందలేదు. అది జనుల అంగీకారము. వీరు ఏలుటకు పుట్టినవారు, వారు ఏలబడుటకు పుట్టినవారు అను నమ్మిక ఊరిలో నాటుకొనియుండనిచో ఏ చక్రవర్తియు ప్రతి సంవత్సరము ప్రతి గడపకును సైన్యమును పంపి పన్ను రాబట్టుకొనజాలడు. కోశమునకు దండము కాపలా. దండమునకు ఈ నమ్మిక కాపలా.

ఈ మూడింటిని తరతరములుగ తమ చేతియందు నిలుపుకొను సముదాయమే పాలకవర్గము. ఇటలీ దేశస్థుడైన గేతానో మోస్కా 1896లో ప్రకటించిన గ్రంథమున, ఏ సమాజమునందైనను వ్యవస్థీకృతమైన కొద్దిమంది అవ్యవస్థీకృతులైన పెక్కుమందిని పాలింతురని వాదించెను. ఉత్పత్తి సాధనములు ఎవరివో అధికారమును వారిదేయని అంతకు పూర్వమే కార్ల్ మార్క్స్ చెప్పియుండెను. ఇరువురి మాటలును దక్కను పీఠభూమి చరిత్రకు కొంతవరకు అన్వయించును. కాని ఈ దేశమున పాలకవర్గమును గూర్చి చెప్పునపుడు ఐరోపా పండితులకు అంతగా పట్టని ఒక విషయమును చేర్చక తప్పదు. ఇచ్చట భూమి, పదవి, గౌరవము మూడును జన్మముతో ముడివడియున్నవి.

దీనికి నిదర్శనము కల్యాణ నగరమే. చాళుక్యుల రాజధానిగ కల్యాణము వర్ధిల్లినది మొదటి సోమేశ్వరుని కాలమున, అనగా 11వ శతాబ్ది మధ్యమున. 1076 నుండి 1126 వరకు ఏబది సంవత్సరములు ఏలిన ఆరవ విక్రమాదిత్యుని ఆస్థానమున విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్య స్మృతికి 'మితాక్షర' అను వ్యాఖ్యానమును రచించెను. తండ్రి తాతల ఆస్తియందు కుమారునకు పుట్టుకతోడనే స్వత్వము కలుగునని అందలి ప్రసిద్ధ సిద్ధాంతము. 13వ శతాబ్దమున మూలఘటిక కేతన దానిని 'విజ్ఞానేశ్వరీయము' అను పేర తెనిగించెను. వంగదేశము వంటి కొన్ని చోట్లు తప్ప భారతదేశమున అధికభాగము 1956 నాటి హిందూ వారసత్వ చట్టము వచ్చువరకు దాయభాగ విషయమున దీనినే అనుసరించెను. పుట్టుక చేతనే హక్కు పుట్టునను న్యాయము ఏ నగరమున పుస్తకరూపము దాల్చెనో, పుట్టుక చేత ఎవడును అధికుడు కాడను ఘోష అదే నగరమున, సుమారు ఒక పురుషాంతరము గడచిన పిమ్మట వినబడెను. దీనిని కేవల యాదృచ్ఛికమని త్రోసివేయుట తగదు. రోగము ముదిరిన చోటనే చికిత్సకుడు అవసరమగును.

ఆనాటి పాలకవర్గము ఒకే జాతి కాదు, అంతస్తులుగ అమరియుండెను. పైన చక్రవర్తి. అతని క్రింద మహామండలేశ్వరులు, సామంతులు, దండనాయకులు. నాటికి నాళ్గావుండుడు, ఊరికి ఊరగావుండుడు. పన్నులేని భూములు ననుభవించు అగ్రహారముల మహాజనులు. తమ ధర్మమును, తమ బిరుదములను తామే శాసనములకెక్కించుకొను అయ్యావళె ఐనూర్వురను వర్తక సంఘము. వీరు పరస్పరము కలహించుకొనుటయు కలదు. కాని పండిన గింజలో, నేసిన బట్టలో, ఆడిన నూనెలో ఎవరి వాటా ఎంతయను విషయమున వీరి నడుమ ఒక ఒడంబడిక యుండెను. కుమ్మరి, సాలె, మేదరి, చాకలి, మాదిగ ఆ ఒడంబడికలో పాలు పంచుకొన్నవారు కారు. వారి శ్రమయే అందు పంచుకొనబడెను.

సింహాసనము చేతులు మారినప్పుడు ఈ అమరిక కదలునా? ఆ శతాబ్ది మధ్యమున జరిగిన సంఘటనలు సమాధానము చెప్పును. మూడవ తైలపుని కాలమున చాళుక్య ప్రభుత్వము సడలెను. తెలుగునాట కాకతీయ రెండవ ప్రోలరాజు తైలపుని యుద్ధమున పట్టి విడిచిపెట్టెనని ఆయన కుమారుడు రుద్రదేవుడు 1163లో వేయించిన అనుమకొండ శాసనము చెప్పుచున్నది. ఆ శాసనము కాకతీయుల స్వాతంత్ర్యమునకు గుర్తు. పడమట మంగళవాడ కేంద్రముగ చాళుక్యులకు సామంతుడై యున్న కలచురి బిజ్జలుడు క్రమముగ అధికారమును హస్తగతము చేసికొని 1162 నాటికి చక్రవర్తి బిరుదములు వహించెను. ఇన్ని తలక్రిందులైనను గానుగ పన్ను తగ్గలేదు, గావుండు మారలేదు, కరణము మారలేదు. బిరుదావళిలో పేరు మాత్రము మారెను. కరణపు పదవి ఎంత గట్టిదో తెలుగువారికి వేరుగ చెప్పనక్కరలేదు. కాకతీయులు, విజయనగర రాయలు, గోలకొండ సుల్తానులు, ఆంగ్లేయులు వచ్చిరి, పోయిరి. ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 1984లో రద్దు చేయువరకు మునసబు, కరణము వంటి గ్రామ పదవులు తండ్రి నుండి కొడుకునకు సంక్రమించుచునే యుండెను. రాజును దించుటకు ఒక యుద్ధము చాలును. కరణమును దించుటకు ఎనిమిది వందల ఏండ్లు పట్టెను.

ఇట్టి రాజ్యమున బసవేశ్వరుడు భండారి యయ్యెను. ఈ సంగతిని భక్తులు పలుమారు స్తోత్రముగ చెప్పుకొందురే గాని దాని బరువును తూచరు. కోశాధ్యక్షుడనగా సప్తాంగములలో ఒకదానికి కావలివాడు. బాగెవాడియందు బ్రాహ్మణ కుటుంబమున జన్మించి, జన్మతో వచ్చిన ఉపవీతమును విడిచి కూడలసంగమమున సాధన చేసినవాడు, తుదకు వచ్చి కూర్చున్నది పాలకవర్గపు గుండెకాయ వంటి స్థానమున. ఆ స్థానమును ఆయన ఎట్లు పొందెనను విషయమున రెండు కథనములు కలవు. పాల్కురికి సోమనాథుని తెలుగు 'బసవపురాణము' ప్రకారము, బిజ్జలుని మంత్రియైన బలదేవుడు బసవనికి మేనమామ, మామ. ఆయన లింగైక్యము నొందిన పిమ్మట రాజు బసవని పిలిపించి ఆ పదవి నొసగెను. కన్నడమున హరిహరుడు రచించిన రగళె ప్రకారము, మంగళవాడలో గణకులు చేసిన లెక్క తప్పును పట్టుకొనుట చేత ఆయన ప్రతిభ వెల్లడియయ్యెను. బంధుత్వము చేత వచ్చిన పదవియా, విద్య చేత వచ్చిన పదవియా? రెండు కథలును భక్తితో వ్రాయబడినవే. ఆ కాలమున పదవికి ఉన్న రెండు ద్వారములను ఆ రెండును చూపుచున్నవి. మొదటి ద్వారము విశాలమైనది, రెండవది సూదిబెజ్జము.

పదవిలో ఉండగా ఆయనపై వచ్చిన అభియోగము తెలిసినదే. రాజధనమును జంగములకు ధారపోయుచున్నాడని కొందరు బిజ్జలునకు చెప్పిరి. ధనమును లెక్కింపగా తరుగు లేదని పురాణము చెప్పును. దీనిని మహిమగ చెప్పుకొనుట వాడుక. లెక్కల దృష్టితో చూచినను ఇందు గొప్ప విశేషము కలదు. అధికారులు ధనమపహరించు విధములు నలువది యని అర్థశాస్త్రమే పట్టిక వ్రాసినది. కోశమున చేయి పెట్టినవాని చేతికి తడి అంటుట రాజులకు కొత్త కాదు. తక్కిన మంత్రులలో ఎవడైనను కొంత తినియున్నచో సభకు అంత కలత కలుగకపోవును. ఇచ్చట ఒకడు తినలేదు, లెక్క తప్పలేదు, అయినను అతని ఇంటిముందు పంక్తిలో అగసాలెయు అంబిగుడును సరిసమానముగ కూర్చుండి భుజించుచున్నారు. సభ కోపము ధనము పోయినందుకు కాదు. ధనము ఏ దిక్కునకు ప్రవహింపవలెనను కట్టడి పోయినందుకు.

దానమునకును దాసోహమునకును గల భేదము ఇచ్చట స్పష్టమగును. ఆనాటి శాసనములలో వేలకొలది దానశాసనములే. రాజు అగ్రహారమిచ్చును, దండనాయకుడు దేవాలయమునకు పొలమిచ్చును, సెట్టి నందాదీపమునకు నూనె యిచ్చును. ఇచ్చినవాని పేరు రాతిపై నిలుచును, వాని వంశము పొగడబడును, పుచ్చుకొన్నవాడు వాని మేలు కోరును. దానము చేసినకొలది దాత పెద్దవాడగును. అందుచేత దానము పాలకవర్గమునకు ఎన్నడును భారము కాలేదు. అది వారి అధికారమునకు పాదుగట్టినది. దాసోహమున ఇచ్చువాడు దాసుడు. పేరు రాతికెక్కదు. ఇచ్చుటవలన వచ్చు పెద్దరికమును ముందుగనే విడిచి ఇచ్చుట దాని నియమము. ఈ నియమమును రాజు పాటించినచో అతడు రాజుగ నిలువడు.

కాయకమును గూర్చియు ఇట్లే ఆలోచింపవలెను. కాయకమనగా పని చేయుట యని చిన్నపిల్లలకు చెప్పు అర్థము సరియే గాని, అది సగము అర్థము. తక్కిన సగము ఆయ్దక్కి లక్కమ్మ కథలో కలదు. ఆమె భర్త మారయ్య నేల రాలిన బియ్యపు గింజలను ఏరుకొని తెచ్చుట కాయకముగ గలవాడు. ఒకనాడు బసవేశ్వరుడు వారి నిష్ఠను పరీక్షింప దలచి మహామనె ముంగిట బియ్యమును ఎక్కువగ చల్లించెను. మారయ్య నిత్యము తెచ్చుదానికంటె ఎక్కువ ఏరి సంతోషముతో ఇంటికి తెచ్చెను. లక్కమ్మ ఆ బియ్యమును చూచి, ఇది నేటి దాసోహమునకు మించినది, మనది కాదు, తెచ్చినచోటనే పోసిరమ్మని పంపెను.

ఈ కథను నిస్పృహకు ఉదాహరణముగ చెప్పి ఊరకుందురు. రాజ్యాధికార విషయమున ఇది చెప్పునది అంతకంటె పెద్దది. ఇంటియందు మిగులు లేనిచోట కొట్టము లేదు. కొట్టము లేనిచోట కావలివాడు లేడు. కావలివాడు లేనిచోట అతనిని పోషించు పన్ను లేదు, పన్నును వ్రాయు కరణము లేడు, కరణమును నియమించు రాజు లేడు. మిగులు ధాన్యము ఎవరి ఇంట చేరునో అధికారము అచ్చట మొలకెత్తునని నేటి చరిత్రకారులు పలుదేశముల పురాతన నగరములను పరిశీలించి చెప్పుచున్నారు. లక్కమ్మ ఆ మొలకను తన గడపయందే త్రుంచెను. ఆమె పంపివేసినది ఎవరి బియ్యము? సాక్షాత్తు రాజ్యపు భండారి చల్లించిన బియ్యము. శరణులలో శరణుడైనను ఆయన చేతి ఉదారత కూడ ఆ ఇంటికి అధికముగ రాకూడదు. అందరు గృహస్థులును లక్కమ్మలు కాగలరా యని ఎవరైన అడిగినచో, కాలేరని చెప్పుటయే నిజము. పంటలు పోవు దేశమున ధాన్యము దాచనివాడు బ్రతుకడు. కాని దాచినదానిపై ఎవరి పెత్తనము, దాని లెక్క ఎవరు చూతురు అను ప్రశ్నలు ఆమె కథనుండియే పుట్టుచున్నవి.

కాయకము, దాసోహము నడచినంతకాలము బిజ్జలుడు సహించెను. అభియోగములు వచ్చినను తుదముట్ట పోలేదు. సహనము తెగిన సంగతి ప్రసిద్ధము. ఇచ్చటను కథనములు రెండు. సోమనాథుడు హల్లయ్య, మధువయ్య అను భక్తులకు రాజు కన్నులు తీయించెనని చెప్పెను. తరువాతి కన్నడ రచనలు దీనికి కారణమును విస్తరించినవి. చెప్పులు కుట్టు హరళయ్య కుమారునకు, బ్రాహ్మణుడుగ పుట్టి శరణుడైన మధువరసుని కుమార్తెకు వివాహమయ్యెను. ఇది వర్ణసంకరమని సభలోనివారు మొరపెట్టగా రాజు ఆ తండ్రులిరువురకు క్రూరమైన మరణశిక్ష విధించెను. ఏ వివరము ముందుది, ఏది వెనుకది యను విచారము పండితులది. కల్యాణ స్మృతి ఆ వివాహమునే కారణముగ పట్టుకొని నిలుపుకొన్నదనుట మాత్రము నిస్సందేహము. ఆ స్మృతికి రాజనీతి బాగుగ తెలియును.

పంక్తిభోజనము ఒకనాటిది; మరునాడు ఎవరి ఇంటికి వారు పోవుదురు. అనుభవ గోష్ఠిలో చాకలి మాచయ్య మాటకు మంత్రి తలయూచుటయు సభ ముగియువరకే యని రాజు సరిపెట్టుకొనవచ్చును. వివాహము అట్టిది కాదు. భూమి, పదవి, కులగౌరవము ఒక తరము నుండి మరియొక తరమునకు పోవు మార్గము వివాహము. మితాక్షర చెప్పిన జన్మస్వత్వము నిలుచునది ఎవరికి ఎవరు పుట్టిరను నిశ్చయముపైన. హరళయ్య మనుమడు మధువరసునికిని మనుమడగును. ఆ బిడ్డ ఏ వాడలో ఉండును? ఎవరి భూమికి దాయాది? రచ్చలో ఎచ్చట కూర్చుండును? ఒక్క శిశువు జన్మించినచో పాలకవర్గపు పట్టిక యంతయు తిరిగి వ్రాయవలసివచ్చును. బిజ్జలుడు స్వభావముచేత క్రూరుడని గాని, మతద్వేషి యని గాని తలచి ఊరకుండుట సులభము. అతడు శివభక్తుడే. తన రాజ్యము దేనిపై నిలిచియున్నదో అతనికి తెలిసిన దినమున అతడు రాజుగ ప్రవర్తించెను.

తరువాతి కథ వేగముగ సాగినది. బసవేశ్వరుడు కూడలసంగమమునకు పోయి ఐక్యమందెను. చెన్నబసవేశ్వరునితో పెక్కుమంది శరణులు పడమటి అడవులలోని ఉళివికి తరలిరి. జగదేవుడు మొదలైనవారు బిజ్జలుని వధించిరని సోమనాథుడు వ్రాసెను. శాసనముల ప్రకారము 1167లో కలచురి సింహాసనము బిజ్జలుని కుమారుడగు సోవిదేవునకు సంక్రమించెను. అతని తరువాత తమ్ములు వరుసగ ఏలిరి. 1184 ప్రాంతమున చాళుక్య నాల్గవ సోమేశ్వరుడు కల్యాణమును మరల పొందెను. అటుపిమ్మట కొద్ది సంవత్సరములకే ఆ రాజ్యమును యాదవులు, హోయసలులు పంచుకొనిరి.

కత్తి రాజును మాత్రమే చంపినది. రాజును చంపుటతో హరళయ్య వాడ ఊరిలోనికి రాలేదు. తెలుగునాట మల్లికార్జున పండితారాధ్యుని కథలో వెలనాటి చోడుని ఆస్థానమున జరిగిన రక్తపాతమును, పండితునకు కన్నులు తీయించిన శిక్షను చదివినప్పుడును ఇదియే తోచును. భక్తావేశముతో పట్టిన కత్తి వలన దండము చేతులు మారవచ్చును. కోశపు దిక్కు మారదు, జనుల నమ్మిక మారదు.

అటుపిమ్మట కాలము శరణుల సంతతికి వేరొక పరీక్ష పెట్టెను. ఇష్టలింగము ధరించినవారే సింహాసనములెక్కిరి. మలెనాడులో కెళది నాయకులు 1499 నుండి 1763 వరకు ఏలిరి. 17వ శతాబ్దమున శివప్పనాయకుడు భూములను సారమునుబట్టి తరగతులుగ విభజించి పన్ను నిర్ణయించెను; 'శివప్పనాయకుని శిస్తు' అని దానికి నేటికిని పేరు. కెళది చెన్నమ్మ 1689లో మొగలుల కోపమును లెక్కింపక శివాజీ కుమారుడు రాజారామునకు ఆశ్రయమిచ్చెను. కొడగును హాలేరి వంశము 1834లో ఆంగ్లేయులు పదభ్రష్టుని చేయువరకు పాలించెను. కిత్తూరు రాణి చెన్నమ్మ 1824లో కంపెనీ సేనను ఎదిరించెను. వీరి ధైర్యమును, శివప్పనాయకుని న్యాయదృష్టిని తక్కువ చేయుట అన్యాయము. శిస్తు నిర్ణయమువలన రైతునకు తాను చెల్లింపవలసినది ముందుగ తెలిసెను. అధికారి నోటిమాటకు వెలుపల ఒక కొలత యేర్పడెను. అది చిన్న మేలు కాదు. అయినను శిస్తు వసూలు చేయు గౌడ ఎవరు, చెల్లించి చేతులు కట్టుకొని నిలుచువాడు ఎవరు అను వ్యవస్థ కెళదిలోను కల్యాణమున నున్నట్లే యుండెను. లింగధారణము రాజును భక్తుని చేసెను. రాజ్యమును మహామనెగ చేయలేదు.

ఇంతకంటె బాధాకరమైనది సమాజము లోపల జరిగినది. కాయకముల పేర్లు మెల్లమెల్లగ జాతుల పేర్లయ్యెను. గాణిగ, మడివాళ, హడపద, బణజిగ అని శాఖలేర్పడెను. హడపద అప్పణ్ణ బసవేశ్వరునకు సన్నిహితుడు. ఆయన కాయకపు పేరు ఎనిమిది శతాబ్దముల పిదప ఒక శాఖ అంతస్తును తెలుపు గుర్తుగ నిలిచినది. బిజ్జలుని సభ ఏ పట్టికను కాపాడుటకు మరణశిక్ష విధించెనో, అట్టి పట్టికనే శిక్షించువాడు లేకయే సమాజము తనలో వ్రాసికొన్నది.

ఇరువదవ శతాబ్దమున అధికారమునకు మార్గము విద్య, ఉద్యోగము, వోటు. హానగల్ కుమారస్వామివారి ప్రేరణతో 1904లో అఖిల భారత వీరశైవ మహాసభ ఏర్పడెను. 1916లో బెళగావిలో కె.ఎల్.ఇ. సంస్థ స్థాపింపబడెను. మఠముల ఉచిత వసతిగృహములు పల్లె బాలురకు అన్నమును, అక్షరమును ఒకేచోట పెట్టినవి. ఇది దాసోహమునకు ఆధునిక కాలమున దొరకిన ఉత్తమ రూపములలో ఒకటి. 1956లో కన్నడ ప్రాంతములు ఒక రాష్ట్రమైన పిమ్మట నిజలింగప్ప, జత్తి, కంఠి, వీరేంద్ర పాటీలు ఒకరి తరువాత నొకరు ముఖ్యమంత్రులైరి. 1972లో దేవరాజ అరసు వచ్చువరకు ఆ పదవిలో లింగాయతేతరుడు లేకుండెను. ఎం.ఎన్. శ్రీనివాస్ మైసూరు సీమలోని ఒక పల్లెను పరిశీలించి 1959లో 'ఆధిపత్య కులము' అను భావమును వివరించెను. సంఖ్య, భూమి, చదువు, రాజకీయ బలము గల కులము ఊరిని ఏలునని దాని సారము. ఆయన చూచిన పల్లెలో ఆ కులము ఒక్కలిగులు; ఉత్తర కర్ణాటకమున పెక్కు పల్లెలకు ఆ మాటనే లింగాయతులకు అన్వయించిరి. 1975లో హావనూరు కమిషను నివేదిక లింగాయతులను వెనుకబడిన వర్గముల పట్టికలో చేర్చనపుడు పెద్ద నిరసన చెలరేగెను. నిరసనలో న్యాయమైన భాగమును కలదు. ఆ పేరు క్రింద భూస్వామియు, చాకలియు, క్షౌరవృత్తివాడును కలిసియుండిరి గదా. కాని ఆ మాట పైకి వచ్చినపుడు, కలిసియున్నవారిలో పాలకవర్గమున చేరినవారెవరు, చేరనివారెవరు అని లోపల లెక్క తీయుటకు ఎక్కువమంది ఇష్టపడలేదు.

తెలుగు రాష్ట్రములలో స్థితి వేరు. ఇచ్చట లింగధారులు సంఖ్యలో అల్పులు; కర్ణాటకమునందువలె రాష్ట్ర రాజకీయములను శాసించు స్థానము వారికి రాలేదు. కావున రాజ్యాధికారమును గూర్చిన విచారము తమకు దూరమని ఇచ్చటి కుటుంబములు తలచుటకు అవకాశము కలదు. కాని కోశము, దండము, అంగీకారము అను మూడును రాజధానులలోనే ఉండవలెనను నియమము లేదు. భూమి గల మఠమున కోశము కలదు. పాఠశాల నడపు సంఘమున నియామకమును, తొలగింపును కలవు. పంచాయితి పెద్దల మాటకు ఊరి అంగీకారము కలదు. దాసోహపు లెక్క ఏటేట బహిరంగముగ చదువబడుచున్నదా, చదువునపుడు వినుటకు ఎవరు పిలువబడుచున్నారు, వంటశాలలో పనిచేయువారు ఆ పంక్తిలో కూర్చుండుచున్నారా అనునవి ఏ ఊరివారైనను తమ ఊరిలో విచారించుకొనదగిన విషయములు.

2024 జనవరిలో కర్ణాటక ప్రభుత్వము బసవేశ్వరుని రాష్ట్ర సాంస్కృతిక నాయకుడుగ ప్రకటించెను. ప్రభుత్వ కార్యాలయములలో ఆయన చిత్రము వెలసెను. ఒకనాడు కల్యాణమునుండి తొలగిపోయిన భండారి రాజ్యపు గోడపైకి తిరిగి వచ్చుట భక్తులకు ఆనందకరమే. రాజ్యములు గతించినవారిని గౌరవించుటకు ఎన్నడును వెనుదీయలేదు.

హరళయ్య, మధువరసుల ఇండ్ల వివాహమునకు నేడు అడ్డుచెప్పగల రాజు లేడు. కులభేదము, ఉపకులభేదము కారణముగ హిందువుల వివాహము చెల్లకపోదని 1949లోనే చట్టము వచ్చెను. 1955 నాటి హిందూ వివాహ చట్టము తనకు లోబడువారిని పేర్కొనునపుడు వీరశైవులు, లింగాయతులు అని పేరుపెట్టి చెప్పినది. అయినను సమాజ పత్రికల చివరి పుటలలో వధూవరుల ప్రకటనలను చూచువారికి వయస్సు, చదువు, ఉద్యోగముల ప్రక్కన శాఖ పేరు ఇంకను కనబడుచున్నది. వెతుకుచున్న సంబంధము అదే శాఖలో కావలెనను మాటయు పెక్కింట దాని వెంటనే యుండును.